హీరో మోసానికీ విలన్ మోసానికీ తేడా ఎక్కడుంది?

మీరు అడిగింది ఇది: రెస్టొరేషన్ కామెడీల్లో, అంటే ఇంగ్లండ్‌లో 1660లో రాజరికం మళ్లీ వచ్చాక పుట్టిన హాస్యనాటకాల్లో, అందరూ డబ్బు చూసుకునే పెళ్లాడతారు, అందరూ అబద్ధాలే ఆడతారు. అలాంటప్పుడు కాంగ్రీవ్ రాసిన 'ది వే ఆఫ్ ది వరల్డ్'లో మిరాబెల్‌ని హీరో అనీ, ఫెయినాల్‌ని విలన్ అనీ ఎలా అంటాం?

తేడా ఉందనే నేనంటాను. అది పట్టుకోవాలంటే ఒక పని చెయ్యండి. ఎవరు ఎవర్ని ప్రేమిస్తున్నారన్నది కాసేపు పక్కన పెట్టండి. ప్రతి అంకంలోనూ ఆడవాళ్ల ఆస్తి ఎవరి పేరున ఉంది, అంకం ముగిసేసరికి ఎవరి చేతికి పోయేలా ఉంది అని మార్జిన్‌లో రాసుకుంటూ చదవండి. పీజీ పిల్లలకు ఈ నాటకాలు మొదలుపెట్టేటప్పుడు నేను ముందుగా చేయించేది ఇదే. చమత్కారాలు, కొంటె మాటలు, ఫ్యాషన్లు అన్నీ ఆ తర్వాత.

ముందు కాలం సంగతి క్లుప్తంగా. ఇంగ్లండ్‌లో అంతర్యుద్ధం మొదలైన 1642లో నాటకశాలలు మూసేశారు. 1660లో రెండో చార్లెస్ గద్దెనెక్కాక మళ్లీ తెరిచారు. అప్పుడే మొదటిసారి లండన్ రంగస్థలం మీద ఆడపాత్రలను ఆడవాళ్లే వెయ్యడం మొదలైంది. పెళ్లి గురించి ఆడామగా ఎదురెదురుగా నిలబడి బేరమాడుకునే సీన్లు ఇన్ని పుట్టుకురావడానికి అదొక పెద్ద కారణం.

ఇక చట్టం. అసలు కథంతా ఇక్కడే ఉంది. ఆ రోజుల్లో ఇంగ్లండ్ ఆడపిల్లకు పెళ్లయిందంటే, ఆమె నగదు, నగలు, సామాను అన్నీ భర్త సొంతం. భూమి ఉంటే దాన్ని ఆమె సంతకం లేకుండా పూర్తిగా అమ్ముకోలేడు గానీ, దాని మీద వచ్చే కౌలు మాత్రం అతనికే. ఆమె విడిగా కోర్టుకెక్కడానికి లేదు, తన పేరున ఒప్పందం రాసుకోవడానికి లేదు. కట్నం భర్తకు ముడుతుంది. దానికి బదులుగా అతను ముందే పోతే ఆమెకు ఏటా ఇంత ముడుతుందని రాసిస్తారు, దాన్ని జాయించర్ అనేవారు. వెయ్యి పౌండ్ల కట్నానికి ఏటా సుమారు వంద పౌండ్లు అన్నది అప్పటి వాడుక. ఆస్తి అతని చేతిలో పడకుండా కాపాడుకోవాలంటే ఒక్కటే దారి: పెళ్లికి ముందే దాన్ని నమ్మకస్తుడైన మూడో మనిషి పేరున ట్రస్టుగా రాసిపెట్టడం. అలాంటి ట్రస్టును మామూలు కోర్టులు గుర్తించకపోయినా, చట్టం అక్షరాల కంటే న్యాయాన్యాయాలు చూసే చాన్సరీ కోర్టు గుర్తించేది.

ఇది చదివి మీకు బోర్ కొడుతుందేమో. నాకు మాత్రం ఇల్లు గుర్తొస్తుంది. మా నాన్న తెనాలిలో దస్తావేజు లేఖరి. మేనత్త పెళ్లికి తాతయ్య పసుపు కుంకుమ కింద రెండెకరాల మాగాణి రాసిచ్చాడు. ఆ దస్తావేజు నాన్నే రాశాడు. అత్తయ్య బతికున్నంతకాలం పంట అనుభవించవచ్చు, ఆమె తదనంతరం కడుపున పుట్టిన పిల్లలకు చెందుతుంది, మధ్యలో అమ్మడానికి గానీ తాకట్టు పెట్టడానికి గానీ ఎవరికీ హక్కు లేదు అని అందులో ఉంది. పెళ్లివారికీ చదివి వినిపించారట, అప్పుడెవరూ పట్టించుకోలేదు. కొన్నేళ్లకు మామయ్య వ్యాపారం దెబ్బతిని, పొలం బేరం పెట్టి, అత్తయ్యను వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. నాన్న ఏమీ వాదించలేదు. బీరువాలోంచి నకలు తీసి, ఆ షరతు ఉన్న పేజీ తిప్పి, వేలు పెట్టి చూపిస్తూ చదివాడు. మామయ్య రెండోసారి చదవమన్నాడు. చదివాడు. అత్తయ్య వంటింటి గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. ఆ పొలం మీద కౌలు ఇవాళ్టికీ ఆమెకు వస్తోంది.

అందుకే ఎమ్మేలో ఈ నాటకం చదివినప్పుడు, కథ గజిబిజిగా ఉందని క్లాసంతా తలపట్టుకుంటే, నాకు ఐదో అంకంలో వచ్చే నల్ల పెట్టె చూడగానే అంతా అర్థమైపోయింది. పెట్టెలో ఉన్నది దస్తావేజు. దాని మీద తారీఖు ఉంది. ఆ తారీఖు ముందుది.

కథ టూకీగా చెప్తాను. మిల్లమాంట్ ఆస్తి 12,000 పౌండ్లు. అందులో సగం, అంటే 6,000, మేనత్త లేడీ విష్‌ఫోర్ట్ ఒప్పుకున్న పెళ్లి చేసుకుంటేనే దక్కుతుంది. అది ఎంత డబ్బో తెలియాలంటే, 1688 నాటి ఆదాయాల మీద ఆ కాలపు గణాంకవేత్త గ్రెగరీ కింగ్ వేసిన లెక్కలు చూడండి. కూలి కుటుంబానికి ఏడాదికి 15 పౌండ్లు, ఒక మోస్తరు పెద్దమనిషి కుటుంబానికి 280. అంటే ఆ 6,000 పెద్దమనిషికి 20 ఏళ్లకు పైబడిన రాబడి. మిరాబెల్ మిల్లమాంట్‌ని ప్రేమించాడు, నిజమే. ఆ 6,000 వదులుకోవడానికి మాత్రం సిద్ధంగా లేడు. వాళ్లిద్దరూ ఆ తరగతి మనుషులుగా బతకాలంటే ఆ డబ్బు కావాలి, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ప్రేమ నిజమైతే డబ్బు లెక్క చెయ్యకూడదనే కొలబద్దతో ఈ నాటకాలు చదివితే ఒక్కటీ ఒంటబట్టదు.

మిరాబెల్ పన్నిన ఎత్తు ఇది. తన నౌకరు వెయిట్‌వెల్‌కు సర్ రోలండ్ అనే వేషం వేసి, తన మేనమామ అని చెప్పి, 55 ఏళ్ల లేడీ విష్‌ఫోర్ట్‌కు పెళ్లికొడుకుగా పంపుతాడు. ఆమె ఒప్పుకున్నాక, వాడు ఉత్త నౌకరని బయటపెట్టి, పరువు కాపాడాలంటే మేనకోడల్ని నాకిచ్చి ఆ 6,000 కూడా ఇవ్వు అని అడగాలని పథకం. ఇక్కడొక చిన్న విషయం చాలామంది చూడకుండా దాటేస్తారు. ఆ వేషం వెయ్యకముందే, అదే రోజు పొద్దున, వెయిట్‌వెల్‌కూ లేడీ విష్‌ఫోర్ట్ పనిమనిషి ఫాయిబుల్‌కూ పెళ్లి చేయించేస్తాడు మిరాబెల్. వాడికి అప్పటికే భార్య ఉంది గనక, ముసలావిడతో ఆడే నాటకం చట్టప్రకారం పెళ్లిగా మారే ప్రమాదం లేదు. వాడు అత్యాశకు పోయి నిజంగానే ఆమెను పెళ్లాడేసి ఆస్తి కాజేసే వీలూ లేదు. మోసం చేస్తూనే, ఆ మోసం ఎంతదాకా పోవచ్చో ముందే కంచె వేశాడు.

ఫెయినాల్ ఎత్తు చూడండి. లేడీ విష్‌ఫోర్ట్ కూతురు ఎరబెల్లా డబ్బున్న వితంతువు. ఆమెను పెళ్లాడింది ఆ డబ్బు చట్టబద్ధంగా లాక్కుని ప్రియురాలు మార్‌వుడ్ మీద ఖర్చుపెట్టడానికే అని తన నోటితోనే మార్‌వుడ్‌తో అంటాడు. పెళ్లికి ముందు భార్యకు మిరాబెల్‌తో సంబంధం ఉందని తెలియగానే, దాన్ని పట్టుకుని అత్తగారిని బెదిరిస్తాడు. నీ కూతుర్ని కోర్టుకీడ్చి లండనంతా నవ్వేలా చేస్తాను, అలా వద్దనుకుంటే మూడు షరతులు ఒప్పుకో అంటాడు. నువ్వు నా అనుమతి లేకుండా మళ్లీ పెళ్లాడకూడదు. నీ కూతురి మిగతా ఆస్తంతా నాకు రాయాలి. మేనత్త మాట కాదని మిల్లమాంట్ పోగొట్టుకున్న 6,000 కూడా నాకే ఇవ్వాలి. మూడు తరాల ఆడవాళ్లు కాకపోయినా, ఒక ఇంట్లో ఉన్న ముగ్గురాడవాళ్ల ఆస్తి ఒక్క కాగితంతో ఒక్కడి చేతికి పోయే ఏర్పాటిది.

ఇప్పుడు మీ ప్రశ్నకు జవాబు కనిపిస్తుంది. మిరాబెల్ మోసం నెగ్గితే మిల్లమాంట్ ఆస్తి ఆమెతోపాటే వస్తుంది, లేడీ విష్‌ఫోర్ట్ ఇల్లూ వాకిలీ ఆమెకే ఉంటాయి. ఫెయినాల్ మోసం నెగ్గితే ఆ ముగ్గురికీ నిలువ నీడ ఉండదు. కాంగ్రీవ్ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టింది ఆ తేడా మనం చూడాలనే.

నల్ల పెట్టె గురించి ఇంకొంచెం చెప్పకుండా ఉండలేను. నాలుగో అంకంలో సర్ రోలండ్ వేషంలో ఉన్న నౌకరు, నా ఆస్తి కాగితాలన్నీ ఉన్న నల్ల పెట్టె తెచ్చి చూపిస్తానని లేడీ విష్‌ఫోర్ట్‌కు మాటిస్తాడు. అది పచ్చి అబద్ధం. ఐదో అంకంలో అదే నౌకరు, వేషం తీసేసి, మామూలు బట్టల్లో, ఇదిగో నల్ల పెట్టె తెచ్చాను అంటూ వస్తాడు. ఈసారి అందులో నిజమైన దస్తావేజు ఉంది. ఫెయినాల్‌ని పెళ్లాడకముందే ఎరబెల్లా తన స్థిరాస్తి అంతా మిరాబెల్ పేరున ట్రస్టుగా రాసింది. సాక్షి సంతకాలు చేసింది విట్‌వుడ్, పెట్యులంట్ అనే ఇద్దరు సోగ్గాళ్లు. ఏం సంతకం చేశామో కూడా తెలియకుండా చేసేశారు వాళ్లు. ఫెయినాల్ దాన్ని పైకి చదువుతాడు. ఈ దస్తావేజు తారీఖు నువ్వు నీ భార్యచేత రాయించుకున్న కాగితం కంటే ముందుదని మిరాబెల్ చెప్తాడు. ఆ క్షణంలో ఫెయినాల్ కత్తి దూసి భార్య మీదికి ఉరుకుతాడు. లేడీ విష్‌ఫోర్ట్ మేనల్లుడు సర్ విల్‌ఫుల్ అడ్డుపడకపోతే పొడిచేసేవాడే. నాటకమంతా మర్యాదగా, నవ్వుతూ మాట్లాడిన మనిషి అసలు రూపం చూపించేది దస్తావేజులోని ఆ ఒక్క వాక్యమే.

ఒక మాట చెప్పాలి. కాబోయే భర్తకు తెలియకుండా రాసిన ఇలాంటి దస్తావేజును, భర్తను మోసం చేసినట్టేనని చాన్సరీ కోర్టు కొట్టేసే అవకాశం కూడా ఉండేది. రంగస్థలం మీద చెల్లినంత సులువుగా కోర్టులో చెల్లేది కాదు. ప్రేక్షకుల్లో ఉన్న లాయర్లకు ఇది తెలియకుండా ఉండదు.

మంచి మోసం, చెడ్డ మోసం అన్న ఈ లెక్క మన పాఠకులకు కొత్తదేమీ కాదు. 'కన్యాశుల్కం'లో కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లుకు అమ్మేస్తాడు. అది మోసమే, డబ్బూ చేతులు మారింది. అయినా సుబ్బిని ముసలాడి బారిన పడకుండా తప్పించడానికి చేశాడు గనక మనం అతని పక్షానే ఉంటాం. అక్కడ డబ్బు పిల్ల తండ్రికి పోతుంది, ఇక్కడ పెళ్లికొడుక్కి వస్తుంది. ఆ తేడా వల్లే ఇంగ్లండ్ నాటకాల్లో పెళ్లికొడుకులు వేటగాళ్లయ్యారు.

నాలుగో అంకంలో మిల్లమాంట్, మిరాబెల్ పెళ్లి షరతులు మాట్లాడుకునే సీన్ చాలా పేరున్నది. పొద్దున నాకిష్టమైనంతసేపు పడుకుంటాను. నా ఉత్తరాలు ఎవరికి, ఎవరి దగ్గర్నుంచి అని అడక్కూడదు. నన్ను జనం ముందు ముద్దుపేర్లతో పిలవకూడదు. నా గదిలోకి వచ్చేముందు తలుపు తట్టి రావాలి. టీ బల్ల దగ్గర పెత్తనం పూర్తిగా నాది, అడక్కుండా నువ్వు అక్కడికి రాకూడదు. మిరాబెల్ కూడా తన షరతులు అచ్చు దస్తావేజులోలాగే ఒక్కొక్కటీ అంశాలవారీగా చెప్తాడు. మా క్లాసులో ఇద్దరు చదివితే మిగతావాళ్లు వింటారు. తలుపు తట్టే షరతు దగ్గర అమ్మాయిలందరూ ఒక్కసారిగా పుస్తకంలోంచి తలెత్తుతారు, ఏ బ్యాచ్ అయినా అంతే. ఈ సీన్ సరదాగా ఉంటుంది గానీ దీని వెనక భయం ఉంది. ఈ షరతుల్లో ఒక్కటీ కోర్టులో చెల్లదు. ఆస్తిని ట్రస్టు కాపాడుతుంది. ఉత్తరాలు చదవొద్దు, తలుపు తట్టు అన్నవాటిని కాపాడే కాగితం లేదు. వాటికి మిరాబెల్ మాటే దిక్కు. అందుకే ఆమె అంతసేపు బేరమాడుతుంది. ఆమె పొగరుగా మాట్లాడుతోందని కొందరు రాస్తారు, నాకు ఆ మాట నచ్చదు. సంతకం పెట్టాక నోరెత్తే వీలుండదని తెలిసిన మనిషి, సంతకానికి ముందు మాట్లాడుతోంది.

1700 మార్చిలో లండన్‌లోని లింకన్స్ ఇన్ ఫీల్డ్స్ నాటకశాలలో మొదటిసారి ఆడినప్పుడు మిల్లమాంట్‌గా యాన్ బ్రేస్‌గర్డిల్, మార్‌వుడ్‌గా ఎలిజబెత్ బ్యారీ వేశారు. ఇద్దరూ ఆ నాటక కంపెనీలో వాటాదారులు. ఇద్దరూ జీవితంలో పెళ్లి చేసుకోలేదు. పెళ్లికాని ఆడమనిషి సంపాదన ఆమెదే. ఆ మాటలు ఆ నోళ్లలో ఎలా పలికి ఉంటాయో ఆలోచిస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మిగతా నాటకాల్లోనూ ఇదే దారం దొరుకుతుంది. విచర్లీ 'ది కంట్రీ వైఫ్' 1675 నాటిది. అందులో పించ్‌వైఫ్, తన చెల్లెలితో పడుకోవడానికి పెళ్లికొడుకు స్పార్కిష్‌కు రేపు నేను 5,000 పౌండ్లు ఇవ్వాలి అంటాడు. కట్నం గురించి ఇంత పచ్చిగా చెప్పిన మాట ఇంకోటి నేను చదవలేదు. ఆఫ్రా బెన్ 1686లో రాసిన 'ది లక్కీ ఛాన్స్'లో ఒక ముసలి భర్త జూదంలో 300 పౌండ్లకు ఎదురుగా భార్యతో ఒక రాత్రిని పందెం కాసి ఓడిపోతాడు. భార్యకు ఆ సంగతి తెలియదు. తెలిశాక ఇక అతని పక్క చేరనని తెగేసి చెప్తుంది. బెన్ రాసినవాటిలో ముందు అదే చదవమని నా సలహా. విచర్లీ జీవితమే ఒక నాటకంలా నడిచింది. డబ్బున్న కౌంటెస్‌ని రహస్యంగా పెళ్లాడి రాజుగారి ఆదరణ పోగొట్టుకున్నాడు, ఆమె పోయాక ఆస్తి తగాదాల్లో, అప్పుల్లో కూరుకుని జైల్లో మగ్గాడు, చివరికి చావుకు 11 రోజుల ముందు, తన ఆస్తి సోదరుడి కొడుక్కి పూర్తిగా పోకూడదని ఒక చిన్నదాన్ని పెళ్లాడాడు.

ఇంతా చెప్పి, మిరాబెల్ పూర్తిగా మంచివాడని నేననను. లేడీ విష్‌ఫోర్ట్‌ని ఆశపెట్టి ఆడుకున్నాడు. వయసు మీరిన ఒంటరి ఆడదాని ఆశ మీద జోకులేస్తూ నవ్వడం నాకు చేతకాదు. అంతకంటే పెద్ద విషయం ఎరబెల్లాది. ఆమె మిరాబెల్ ప్రియురాలు. గర్భం వచ్చిందేమోనన్న భయంతో ఆమెను ఫెయినాల్‌కిచ్చి పెళ్లి జరిపించింది మిరాబెలే. ఆస్తిని కాపాడాడు, మనిషిని మాత్రం పులి నోట్లో పెట్టాడు. చివరి సీన్లో ఆ దస్తావేజు ఆమె చేతికిచ్చి, జాగ్రత్తగా వాడుకుంటే మీ ఇద్దరి కాపురం సుఖంగా సాగుతుందని చెప్తాడు. కాపురం! కాసేపటి క్రితమే కత్తి దూసినవాడితో. నా విద్యార్థిని ఒకమ్మాయి ఇక్కడ పుస్తకం మూసేసి, 'మరి ఆవిడ సంగతేంటి మేడమ్?' అంది. నాటకం దగ్గర దానికి జవాబు లేదు, ఎందుకంటే అప్పటి చట్టం దగ్గరా లేదు. మళ్లీ పెళ్లి చేసుకునే వీలున్న విడాకులు కావాలంటే పార్లమెంటులో ప్రత్యేక చట్టం చేయించుకోవాలి. 1670లో లార్డ్ రూస్ విడాకుల కేసు ప్రభువుల సభలో నడుస్తుంటే రాజే వచ్చి కూర్చుని, నాటకం కంటే బాగుందన్నాడట. ఈ నాటకం వచ్చిన 1700లోనే నార్ఫోక్ డ్యూక్‌కు అలాంటి చట్టంతో విడాకులిచ్చారు. ఒక భార్యకు ఆ దారిలో విడాకులు దొరకడానికి 1801 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ అమ్మాయికి నేను చెప్పింది మీకూ చెప్తాను. కాంగ్రీవ్ అయ్యాక వెంటనే జార్జ్ ఫార్కర్ 1707లో రాసిన 'ది బో స్ట్రాటజమ్' చదవండి. ఫార్కర్‌కు పెళ్లి మోసాల సంగతి సొంత అనుభవమే. ఒక వితంతువు డబ్బున్నదాన్నని నమ్మించి అతన్ని పెళ్లాడిందనీ, తెలిశాక కూడా ఆమెను పల్లెత్తు మాట అనలేదనీ చెప్తారు. ఈ నాటకం రంగస్థలం ఎక్కిన కొన్ని వారాలకే, 30 ఏళ్లు నిండకుండానే చనిపోయాడు. ఇందులోనూ కట్నం కోసం వేటకొచ్చిన ఇద్దరు కుర్రాళ్లున్నారు, ఒకడు తన అన్న బిరుదు పెట్టుకుని తిరుగుతాడు, ప్రేమలో పడ్డాక ఆ పిల్ల దగ్గర నిజం ఒప్పుకుంటాడు. అది చదువుతూ పోండి. మీరు చూడాల్సింది మాత్రం మిసెస్ సలెన్‌ని. తాగుబోతు భర్తతో బతకలేనని అందరి ముందూ చెప్తుంది, అతనూ విడిపోదామంటాడు, కానీ కట్నం 10,000 పౌండ్లు తిరిగివ్వనంటాడు. అప్పుడు ఆ ఇద్దరు కుర్రాళ్లలో రెండోవాడు ఆర్చర్ ముందుకొస్తాడు. రాత్రి దొంగతనానికొచ్చినవాళ్లు సలెన్ బల్ల పగలగొట్టి తీసిన ఆస్తి దస్తావేజులు, పెళ్లి ఒప్పందం, బాండ్లు అన్నీ అతని దగ్గరున్నాయి. వాటిని సలెన్‌కివ్వకుండా ఆమె అన్నగారి చేతిలో పెడతాడు. ఆ సీన్ దగ్గరికి వచ్చాక కాంగ్రీవ్ ఐదో అంకం మళ్లీ తిరగేసి, ఎరబెల్లా చేతిలో ఉన్న కాగితం ఏం చెయ్యగలిగింది, ఈ కాగితం ఏం చేసింది అని రెండూ పోల్చి రాసుకోండి. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే రాయడానికి అంతకంటే మంచి జవాబు నాకు తెలియదు.